వెనక వాటాలో మామ్మగారు

ప్రశ్న: మాది తెనాలి. మేం అద్దెకుంటున్న ఇంటి వెనక వాటాలో డెబ్బై రెండేళ్ల మామ్మగారు ఒక్కరే ఉంటారు. ఇల్లు ఆవిడదే. మూడేళ్ల కిందట కొడుకు పేరున రాసిచ్చారట. మా అద్దె నేరుగా ఆయన ఖాతాకే వెళ్తుంది. మామ్మగారి భర్త రైసు మిల్లులో గుమాస్తాగా చేసి నాలుగేళ్ల కిందట పోయారు. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంతకుముందు నెలకి ఐదు వేలు పంపేవాడు, ఏడాదిగా అదీ లేదు. పింఛను గురించి ఒకసారి సచివాలయంలో అడిగితే ‘నీకు రాదమ్మా’ అన్నారట. ఆవిడ మళ్లీ వెళ్లలేదు. పొయ్యి ఒక్కపూటే వెలిగిస్తారు. బియ్యంలో రాళ్లు కనబడటం లేదంటారు. నేను కూర పంపితే వద్దంటారు. బలవంతంగా ఇస్తే, గిన్నె కడిగి గుప్పెడు కరివేపాకు వేసి తిరిగిస్తారు. ‘ఓనరు గారి తల్లి, వాళ్లింటి విషయం మనకెందుకు’ అంటారు మావారు. నాకేమో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎవరిని అడగాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ గుప్పెడు కరివేపాకు. తీసుకున్న గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎంత పట్టింపుగా ఉండేవారో మీకు తెలుసు. ఆవిడ దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు. పెరట్లో చెట్టుంది, అంతే. ఆ చెట్టు ఉన్నంతకాలం తాను ఎవరికీ బాకీ లేనని ఆవిడ మీకు చెబుతున్నారు. మీరు చేయబోయే ప్రతి పనిలోనూ ఇది గుర్తుపెట్టుకోండి. ఆకలి కంటే చెయ్యి చాచడమే ఆవిడకి ఎక్కువ బాధ.

అందుకని మొదటి వారం ఏ ఆఫీసుకీ వెళ్లకండి. కరివేపాకు తీసుకోండి, ఇంకాస్త అడగండి కూడా. వడియాలు ఎలా పెట్టాలో నేర్పమనండి. మీరు సరుకులు తెచ్చి, ఆవిడ చెప్పినట్టు పిండి కలిపి, ఇద్దరూ కలిసి ఎండబెట్టుకుంటే సగం ఆవిడ ఇంట్లో ఉండిపోతాయి. అది దానం కాదు, పొత్తు. పెద్దవాళ్లు పొత్తుకి ఒప్పుకుంటారు. అలా కూర్చున్నప్పుడే మాటల్లో మాటగా అడగండి: ‘మామ్మగారూ, మీ కాగితాలు ఎక్కడున్నాయి? ఒకసారి చూద్దామా?’

ఒక మాట ముందే చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా వీధిలో ఇలాంటి ఒకావిడ కోసం నేను అపార్ట్‌మెంట్ గ్రూపులో డబ్బు పోగు చేశాను. మంచి పనే అనుకున్నాను. కానీ బియ్యం బస్తా పక్కన ఆవిడని నిలబెట్టి ఎవరో ఫోటో తీసి గ్రూపులో పెట్టారు, నేను ఆపలేదు. ఆ తర్వాత ఆవిడ పాల ప్యాకెట్‌కి కూడా బయటికి రాలేదు. ఆ బియ్యం ఎన్నాళ్లు వచ్చిందో నాకు తెలియదు గానీ, ఆవిడ నా ముఖం చూడకుండా పక్కకి తిరిగి వెళ్లిన రోజు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. దయచేసి ఫోటోలు వద్దు. గ్రూపులో ఆవిడ పేరు కూడా పెట్టకండి.

ఇక కాగితాల సంగతి. ఇలాంటి వాళ్లందరి ఇళ్లలో ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. ఎప్పుడో చీర కొన్న షాపు కవర్, రబ్బరు బ్యాండు చుట్టి, ట్రంకు పెట్టెలో అడుగున పెట్టి ఉంటుంది. అందులో ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పుస్తకం, భర్త మరణ ధ్రువపత్రం ఉన్నాయేమో చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటుంది. పుట్టిన తేదీ తెలియనివాళ్లకి జనవరి 1 వేసి, సంవత్సరం అంచనాగా రాసిన ఆధార్‌లు లెక్కలేనన్ని. డెబ్బై రెండేళ్ల మనిషి కార్డు మీద యాభై ఎనిమిదేళ్లే ఉంటే వృద్ధాప్య పింఛను రాదు. తప్పు ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో దిద్దించాలి.

భర్త మరణ ధ్రువపత్రం లేకపోతే వితంతు పింఛను ముందుకు కదలదు. మరణాన్ని ఇరవై ఒక్క రోజుల్లోపు నమోదు చేయించాలి, ఏడాది దాటితే ఆర్డీఓ స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. నాలుగేళ్లయింది కదా అని వదిలేయకండి. పోయింది ఆసుపత్రిలోనైతే వాళ్లే అప్పట్లో నమోదు చేసి ఉంటారు, మున్సిపల్ ఆఫీసులో నకలు దొరుకుతుంది. ఇంట్లో పోయి ఎవరూ నమోదు చేయించకపోతేనే ఈ తిరుగుడంతా.

ఆ కవర్లోనే పీఎఫ్ చీటీ ఏదైనా ఉందేమో కూడా చూడండి. మిల్లులో ఆయనకి పీఎఫ్ కోసేవారా అని అడగండి. ఆయన పీఎఫ్ పింఛను తీసుకుంటూ పోయి ఉంటే, భార్యకి అందులో భాగం వస్తుంది. నెలకి కనీసం వెయ్యి రూపాయలు. ఈ సంగతి తెలియక వదిలేసుకున్న ఇల్లాళ్లని నేను ముగ్గురిని చూశాను. ఆయన నంబరు దొరికితే గుంటూరు పీఎఫ్ ఆఫీసులో అడగవచ్చు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. ‘నీకు రాదమ్మా’ అని ఎందుకన్నారు? నా అనుమానం ఇది: సచివాలయం కంప్యూటర్‌లో మామ్మగారు ఒంటరి మనిషి కాదు. కొడుకు కుటుంబంలో ఒక పేరు. మన రాష్ట్రంలో పింఛను అయినా బియ్యం కార్డు అయినా కుటుంబాన్ని లెక్కగా తీసుకునే ఇస్తారు. ఆ కుటుంబంలో ఎవరైనా ఆదాయపు పన్ను కట్టినా, కారు ఉన్నా, మొత్తం కుటుంబం అనర్హులే. హైదరాబాద్‌లో ఉండి ఏడాదిగా డబ్బు పంపని కొడుకు జీతం చూసి, తెనాలిలో ఒక్కపూట తినే తల్లికి నాలుగు వేల రూపాయల ఎన్టీఆర్ భరోసా పింఛను ఆగిపోతుంది. ఇది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయిని తిట్టి లాభం లేదు, ఆవిడకి తెర మీద ఏది కనబడితే అదే చెబుతుంది.

కాబట్టి ఈసారి మామ్మగారిని ఒంటరిగా పంపకండి. మీరు పక్కన ఉండండి. మీ వార్డు సచివాలయంలో సంక్షేమం చూసే సెక్రటరీ ఉంటారు, ఆయన్నో ఆవిడనో కలవండి. ‘పింఛను వస్తుందా రాదా’ అని అడగొద్దు. ‘ఈవిడ ఎవరి కుటుంబంలో నమోదై ఉన్నారు? ఏ కారణం మీద ఆగింది?’ అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకి జవాబు కంప్యూటర్‌లో ఉంటుంది. కొడుకు కార్డులో పేరుంటే, విడిగా ఉంటున్నారు కాబట్టి విడదీయమని అర్జీ పెట్టండి. అర్జీ నంబరు తీసుకోకుండా బయటికి రాకండి. నోటిమాటగా ‘చూస్తాంలే’ అన్నది అర్జీ కాదు.

అక్కడ పని జరగకపోతే సోమవారం ఉంది. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లోనూ, ఆర్డీఓ, మున్సిపల్ ఆఫీసుల్లోనూ ప్రజల అర్జీలు తీసుకుంటారు. పీజీఆర్ఎస్ అంటారు. తెనాలిలోనే ఆర్డీఓ ఆఫీసు ఉంది కాబట్టి గుంటూరు దాకా పోనక్కర్లేదు. అర్జీ ఒక పేజీ మించకూడదు. ‘నేను ఒంటరిగా ఉంటున్నాను, నా కొడుకు నన్ను పోషించడం లేదు, అతని ఆదాయం చూపి నాకు పింఛను నిరాకరించారు, విచారణ చేయించండి’ — ఈ నాలుగు ముక్కలు చాలు. విచారణకి మనిషి వచ్చి ఆ వెనక వాటా, ఆ పొయ్యి కళ్లారా చూస్తే, ఆ రిపోర్టుకి బలం ఉంటుంది. కాల్ చేసి అడగడానికి 1100 నంబరు ఉంది. ఒక ఊళ్లో ఒక పెద్దాయన అర్జీ వెంట నేను అయిదు సోమవారాలు తిరిగాను. మొదటి మూడు వారాలు పాత అర్జీ నంబరు చూపించమంటే నా దగ్గర లేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పింఛను మంజూరైనా వేలిముద్ర దగ్గర ఇంకో చిక్కు. మన గుంటూరు వైపు ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీసీ, అంట్లు తోమీ, బొటనవేలి గీతలన్నీ అరగదీసుకుంటారు. ఆ పెద్దాయన అయితే మెషీన్ మీద వేలు పెట్టడం, అది ఎర్రగా మెరవడం, ఆయన పంచెకి వేలు తుడుచుకుని మళ్లీ పెట్టడం, అలా పన్నెండుసార్లు. నేను లెక్కపెట్టాను. చివరికి ‘నేను నేను కాదంటోందమ్మా ఇది’ అన్నాడు. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా వేయించవచ్చు, కంటిపాప గుర్తింపు, ముఖం గుర్తింపు కూడా ఉన్నాయి. పడకపోతే వెనక్కి రాకుండా వాటి గురించి అడగండి.

బియ్యంలో రాళ్లు కనబడటం లేదన్నారు. అది బహుశా శుక్లమే, నిర్లక్ష్యం చేస్తే పొయ్యి దగ్గర ప్రమాదం. పింఛను కోసం ఆగకుండా ఈ పని ముందు చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్ ఉచితంగా చేస్తారు. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, కట్టలేని వాళ్లకి అక్కడా ఉచితమే. బీపీ, షుగరు మాత్రలు మీ పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఇస్తారు, మీ వార్డు ఏఎన్‌ఎమ్‌కి చెబితే ఇంటికొచ్చి చూస్తుంది. డెబ్బై దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆధార్ ఒక్కదానితో ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన ఆరోగ్య బీమా కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. ఇక్కడ కొడుకు జీతం అడ్డు రాదు. తీయించి పెట్టండి.

తిండి సంగతి. అన్న క్యాంటీన్‌లో పూటకి అయిదు రూపాయలు. ఆవిడ వెళ్తారా అని మీకు అనుమానం రావచ్చు. నా అనుభవంలో ఉచితంగా పెట్టేచోటికి రానివాళ్లు కూడా అక్కడికి వస్తారు, ఎందుకంటే డబ్బు ఇచ్చి టోకెన్ తీసుకుంటారు. అయిదు రూపాయలే కావచ్చు, తన చేత్తో ఇచ్చింది. నడవగలిగితే ఒకసారి మీరూ వెళ్లి పక్కన కూర్చుని తినండి. ఆదివారం ఉండదు, ఆ రోజు మీ ఇంట్లో పెట్టండి. బియ్యం కార్డు చేతికొస్తే అరవై అయిదు దాటినవాళ్లకి డీలరే ఇంటికి తెచ్చి ఇవ్వాలి, అది 2025 జూన్ నుంచి ఉన్న పద్ధతి.

ఇక కొడుకు. మీ ఉత్తరంలో మీరు అడగడానికి జంకిన ప్రశ్న ఇదేననిపించింది. మీవారి భయం అబద్ధం కాదు. రేపు ‘ఇల్లు ఖాళీ చేయండి’ అంటే పిల్లల బడి, మీ ఉద్యోగాలు, అన్నీ కదలాలి. ఆయన్ని పిరికివాడు అనుకోకండి. కానీ సాయం చేయడం వేరు, ఓనరుతో తగువు పెట్టుకోవడం వేరు. ఇప్పటిదాకా నేను చెప్పినవాటిలో కొడుకుని ఎదిరించాల్సిన పని ఒక్కటీ లేదు.

ఒక ఫోన్ మాత్రం చేయండి. అది మీవారు చేస్తే ఇంకా మంచిది, నెలనెలా అద్దె వేసే మనిషి కాబట్టి ఆయన మాట వింటాడు. నిష్ఠూరం వద్దు. ‘అమ్మగారికి కళ్లు కనబడటం లేదండీ, ఒక్కపూటే వండుకుంటున్నారు, మీకు తెలియదేమోనని చెబుతున్నాను’ అనాలి, అంతే. కొందరికి నిజంగానే తెలియదు. ఉద్యోగం పోయి ఆ మాట తల్లికి చెప్పుకోలేని కొడుకులూ ఉన్నారు. మన తీర్పు ముందే రాసిపెట్టుకోకూడదు. మెత్తగా వింటున్నాడనిపిస్తే ఒక దారి చూపండి: ‘మా అద్దెలో ఒక మూడు వేలు మీ తరఫున అమ్మగారి చేతికే ఇవ్వమంటారా?’ ఒప్పుకుంటే ఆ మాట వాట్సాప్‌లో రాసి పంపమనండి. రాతపూర్వకంగా లేకుండా అద్దె మళ్లించకండి, రేపు అది మీమీదికే వస్తుంది.

ఆ ఫోన్‌తో కదలకపోతే చట్టం ఉంది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెడితే నెలకి పది వేల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. లాయర్ అక్కర్లేదు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు. నోటీసు అందాక మామూలుగా తొంభై రోజుల్లో తేల్చాలి. కొడుకు హైదరాబాద్‌లో ఉన్నా ఆవిడ ఉంటున్న తెనాలిలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆవిడ తిరగలేకపోతే, తాను రాసిచ్చిన మనిషి ఆమె తరఫున పెట్టవచ్చు. ఆ మనిషి మీరే కావాలని లేదు. మీరు అద్దెకున్నవాళ్లు కాబట్టి ఈ ఒక్క పనిలో ముందు నిలబడొద్దనే నా సలహా.

ఇల్లు రాసిచ్చిన సంగతి కూడా ఇందులోకే వస్తుంది. నన్ను చూసుకోవాలి అనే షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేసే అధికారం ఈ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, ఈ చట్టాన్ని పెద్దవాళ్లకి మేలు జరిగేలా అర్థం చేసుకోవాలని, ట్రిబ్యునల్ ఆ ఇంటిని తిరిగి స్వాధీనం చేయించవచ్చని కూడా చెప్పింది. షరతు దస్తావేజులో రాసి ఉందా లేదా అన్నది కీలకం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకుని, కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవాధికార కమిటీకి చూపించండి. ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

కానీ ఇదంతా ఆవిడ ‘సరే’ అంటేనే. నూటికి తొంభైమంది తల్లులు ‘కొడుకు మీద కేసా?’ అని చెవులు మూసుకుంటారు. అడగందే అమ్మైనా పెట్టదని సామెత. ఇక్కడ అడగలేకపోతున్నది అమ్మే. చట్టం ఉందని ఆవిడకి తెలియాలి, అంతవరకే మన పని. వాడుకోవాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. వద్దంటే ఒత్తిడి చేయకండి, ఇంకో ఆరు నెలలకి ఆవిడే అడగవచ్చు. ఈలోపు 14567 అని పెద్దల హెల్ప్‌లైన్ ఉంది, ఎల్డర్‌లైన్ అంటారు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు. పింఛను, చట్టం, వదిలేయబడ్డ పెద్దల విషయం, ఏదైనా అడగవచ్చు. కొన్నిసార్లు కొడుకుతో వాళ్లే మాట్లాడతారు. పక్కింటివాళ్ల మాట కంటే అది చెవికెక్కుతుంది. (తెలంగాణలో ఉన్న పాఠకులకి కూడా ఈ నంబరు, 15100, 2007 చట్టం ఇవే వర్తిస్తాయి. అక్కడ సోమవారం అర్జీలని ప్రజావాణి అంటారు.)

వృద్ధాశ్రమం గురించి మీరు అడగలేదు, మంచిదే. సొంత చెట్టు, సొంత గుమ్మం ఉన్న మనిషిని అక్కడి నుంచి లేపడం ఆఖరి మాట కావాలి.

ఒక్క మీరే మోయకండి. మీ వీధిలో మెప్మా గ్రూపులు, అంటే పట్టణ మహిళల పొదుపు సంఘాలు చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) ఉంటుంది. సచివాలయంలో ఎవరు ఏ టేబుల్ దగ్గర కూర్చుంటారో ఆవిడకి మీకంటే బాగా తెలుసు, ఈ కథ విన్న తర్వాత మీకంటే ముందు నడుస్తుంది కూడా. వారానికో రోజు మామ్మగారి గుమ్మం ముందు కూర్చునే ఇంకో ఇద్దరు ఇల్లాళ్లని వెతకండి. చర్చిలోనో, మసీదులోనో, గుళ్లోనో సాయం చేసేవాళ్లుంటే కళ్లజోడు ఖర్చుకీ, ఆటో ఖర్చుకీ అడగండి. పెద్ద మొత్తాలు అవసరం లేదు. ఈ పనిలో కావలసింది ఎక్కువగా మనిషి పూట. ఒకరికి మంగళవారం సెలవు, ఇంకొకరికి బండి ఉంది, ఇంకొకరికి అర్జీ రాయడం వచ్చు.

ముందు కంటి పరీక్ష, తర్వాత కవర్‌లోని కాగితాలు, ఆ తర్వాతే సచివాలయం. ఈ వారం ఆవిడ కవర్ విప్పినప్పుడు ఆధార్‌లో పేరు, పుట్టిన సంవత్సరం ఎలా ఉన్నాయో, బియ్యం కార్డులో ఎవరెవరి పేర్లు ఉన్నాయో చూసి నాకు రాయండి. ఆధార్, బ్యాంకు ఖాతా, కార్డు నంబర్లు మాత్రం ఎవరికీ పంపకండి, నాకు కూడా.